దివానుగారు తిప్పిన ఇరుసు

గువ్వలకొండ జమీందారుగారి పాత కారుకు అద్దం తుడిచే వైపర్లు ముసలి ఎద్దుల్లా కదిలేవి. ఒక జోరువానలో దారి కనపడక కారు మైలురాయికి గుద్దుకుంది. డ్రైవరు సింహాద్రే వైపర్ల మోటారు పాడుచేశాడని దివాను భుజంగరావు నౌకర్లందరి ముందు అతని ఖాకీకోటు విప్పించి, కారు తాళాలు లాక్కుని, పనిలోంచి తీయించబోయాడు. అసలు సంగతి తేల్చమని జమీందారు మెకానిక్కు దాలినాయుణ్ణి పిలిపించాడు.

దాలినాయుడు మోటారుకూ వైపర్లకూ మధ్యనున్న కడ్డీ ఊడదీసి మోటారు వేశాడు. అది రయ్యిమని తిరిగింది. తర్వాత వైపరు ఇరుసు చూపించి, "దివానుగారూ, దీన్ని తమరి చేత్తో తిప్పండి," అన్నాడు.

భుజంగరావు మొహం ఎర్రబడేదాకా తిప్పాడు. ఇరుసు గోరంత కదిలింది.

"తప్పు తమరి చేతిదా, ఇరుసుదా?"

"ఇరుసుదే," అన్నాడు దివాను రోషంగా.

"మరి మోటారుదేం తప్పు, సింహాద్రిదేం తప్పు?"

ఇరుసులో పాత గ్రీజు ఎండితే ముదురుపాకంలా బిగుసుకుంటుంది. కిరసనాయిలుతో కడిగి నూనె వేస్తే చాలు. దొరల బట్టలకు మరకలవుతాయని కారుకు నూనెచుక్క తగలనివ్వనిది దివానే. దాలినాయుడు ఇదంతా చెప్పగా విని జమీందారు తాళాలు సింహాద్రికి తిరిగి ఇచ్చేశాడు.

బయటికొచ్చాక సింహాద్రి నెమ్మదిగా అడిగాడు. "నిరుడు వేసవిలోనే ఈ ఇరుసు నీకు చూపించాను గదా నాయుడూ. దివాను వద్దన్నాడని తప్పుకున్నావు. అప్పుడే ఈ మాట అనుంటే, నౌకర్లందరి ముందు నా ఖాకీకోటు విప్పించేవారా?"

దివానును ఠకీమని నిలదీసిన దాలినాయుడు తల వంచుకుని, గ్రీజు చేతులు మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.