హారిక మెడలో గడ్డ

మదనపల్లెలో పరాంకుశం అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉండేవాడు. మంచి పనిమంతుడే గానీ, తన వేళ్లకు అందని జబ్బు లేదని ఆయనకు మహా ధీమా. తడిమి చూసి జబ్బు పేరు చెప్పేసేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది కూడా.

ఒకరోజు టమాటా మండీలో పనిచేసే రామక్క తన ఏడేళ్ల కూతురు హారికను తీసుకొచ్చింది. పాప మెడ మధ్యలో రేగిపండంత గడ్డ ఉంది. పరాంకుశం దాన్ని నొక్కి చూసి, పాపను నాలుక చాపమన్నాడు. గడ్డ పైకి కదిలింది.

"నాలుకతో పాటు కదిలింది కాబట్టి నీటిగడ్డే. రేపు పొద్దున్న తీసేద్దాం," అన్నాడు.

ఆ ఆస్పత్రిలో కొత్తగా చేరిన స్కానింగ్ డాక్టరు నఫీసా ఆ మాట విన్నది.

"సార్, ముందు ఒకసారి స్కాన్ చేద్దామా?"

"ఇరవై ఏళ్లుగా ఇలాంటివి తీస్తున్నానమ్మా! దీనికి స్కాన్ ఎందుకు?" అని ఆయన నవ్వేశాడు.

రామక్క బెరుగ్గా అడిగింది. "డాక్టరమ్మా, అది చేస్తే పాపకు నొప్పి పుడుతుందా?"

"లేదమ్మా. మెడకు చల్లటి జెల్ రాసి చూస్తాను, అంతే."

"అయితే చేయించండి సార్. కోసేముందు చూసుకుంటే పోయేదేముంది?"

పరాంకుశం విసుక్కుంటూనే వెంట వెళ్లాడు. జెల్ రాయగానే హారిక కిలకిలా నవ్వింది. తెరమీద గడ్డ కనిపించింది. అందులో నీరు లేదు. నఫీసా పరికరాన్ని కిందికి జరిపింది. గొంతుకు అటూ ఇటూ ఉండవలసిన థైరాయిడ్ గ్రంథి అక్కడ లేదు!

పరాంకుశం పరికరం తీసుకుని తనే మళ్లీ మళ్లీ చూశాడు. చోటు తప్పి పెరిగిన గ్రంథే ఆ గడ్డ. పాప ఎదుగుదలకు ఆధారమైనది అదొక్కటే. రేపు తన చేతులతోనే దాన్ని తీసేసి ఉండేవాడు.

ఆయన రామక్క వైపు తిరిగాడు. "నేను పొరబడ్డానమ్మా. ఆపరేషన్ వద్దు. రక్తపరీక్ష చేసి, అవసరమైతే మాత్రలు ఇద్దాం. పాపకు ఏ భయమూ లేదు."

రామక్క కూతుర్ని గుండెకు హత్తుకుంది. పరాంకుశం ఆపరేషన్ జాబితాలో హారిక పేరు కొట్టేసి, మిగతా పిల్లల కాగితాలు నఫీసా ముందు పెట్టాడు.

"వీటిలో స్కాన్ అవసరమైనవి ఏవో నువ్వే చెప్పమ్మా," అన్నాడు.

ఎంత అనుభవం ఉన్నా, తన నిర్ణయాన్ని మరోసారి సరిచూసుకోవడాన్ని ఎవరూ చిన్నతనంగా అనుకోకూడదు.