రెండు కోతల చెవి

నల్లగుట్ట వెనక తుమ్మచెట్ల బీడులో మేసే మందలో బొల్లి అనే గొర్రె ఉండేది. దాన్ని పెంచింది మేక. పేరు కాటుక. గొర్రెకు మేక తల్లి ఏమిటని మందలో ఎవరూ వింతపడేవారు కాదు. తల్లి చచ్చిన పిల్లను పాలున్న మేకకు అలవాటు చేయడం కాపర్లకు మామూలే. బొల్లికి చిన్నప్పటి నుంచి చెప్పిందీ అదే. నీ తల్లి నిన్ను ఈని ఆ పూటే కన్నుమూసింది, కాటుక పాలతో నువ్వు బతికి బట్టకట్టావు అని. ఆ మాట మొదట అన్నది మందకు ముందు నడిచే ముసలి పొట్టేలు. అందరూ పెద్దయ్య అనేవారు. ఏ పిల్ల ఎవరి కడుపున పుట్టిందో, ఏది ఎప్పుడు మందలోకి వచ్చిందో పెద్దయ్యకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

బొల్లికి తొలి ఈతలో ఆడపిల్ల పుట్టింది. చూడవచ్చిన గొర్రెలన్నీ ఎవరి పోలిక అని అడిగాయి. ఏం చెప్పాలో బొల్లికి తోచలేదు. పిల్లను నాకుతూ, ఇంత లోకంలో నా నెత్తురన్నది ఇదొక్కటే కదా అనుకుంది.

కొన్నాళ్లకు కాపరి ఆ పిల్ల కుడిచెవికి మంద గుర్తు వేశాడు. నిలువుగా ఒక చీలిక. ఏ మంద కోత ఆ మందదే. దారిలో రెండు మందలు కలిసిపోతే చెవులు చూసి ఎవరివి వాళ్లు ఏరుకుంటారు. ఆ మధ్యాహ్నం కాలువలో నీళ్లు తాగుతూ బొల్లి తన చెవి చూసుకుంది. నిలువు చీలిక ఉంది. దాని పక్కనే అడ్డంగా ఇంకో కోత ఉంది, అది ఇంకా పాతది. ఈ మందలోనే పుట్టినదానికి రెండు కోతలెందుకు?

నేరుగా కాటుక దగ్గరికి వెళ్లి అడిగింది. కాటుక నెమరు ఆపింది. తర్వాత దాచకుండా చెప్పింది.

"నిన్ను నా ముందు వదిలేనాటికి నీ అడ్డకోత మానిపోయి ఉంది. నిలువు కోత నుంచి నెత్తురు కారుతోంది. తల్లి చచ్చిందన్నారు. ఇదేమిటని అడగాలనిపించింది. అడిగితే నిన్ను తీసుకుపోతారేమోనని నోరు మూసుకున్నానే."

బొల్లి పెద్దయ్య దగ్గరికి వెళ్లింది. పెద్దయ్య ముందు ముల్లు గీరుకుందన్నాడు. ముల్లు ఇంత తిన్నగా కోస్తుందా అని బొల్లి అడిగేసరికి ముఖం గంటు పెట్టుకున్నాడు. పుట్టుకల సంగతి మంద గుట్టని, అడిగిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ పోతే మంద పరువు ఏం కావాలని కసిరాడు. మేత తక్కువైందా, కాటుక పాలు తక్కువయ్యాయా అని నిలదీశాడు.

"ఏదీ తక్కువ కాలేదు పెద్దయ్యా. ఎక్కడి నుంచి వచ్చానో తెలుసుకోవాలని ఉంది, అంతే."

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తానో తెలిశాక గానీ నాకూ తెలియదు."

పెద్దయ్య మేతకు తల వంచేశాడు. ఆ తర్వాత బొల్లి ఎన్నిసార్లు వెళ్లినా ఆ తల ఎత్తలేదు.

కాలువ అవతలి గట్టున ఒక నక్క కాపురం ఉండేది. బొల్లి రోజూ వచ్చి నీళ్లలో చెవి చూసుకోవడం అది గమనించింది. ఒకనాడు దూరంగానే కూర్చుని, ఏమ్మా, ఏం పోగొట్టుకున్నావని ఎంతో మర్యాదగా పలకరించింది. నక్కతో మాట్లాడకూడదని బొల్లికి తెలుసు. కానీ ఈ మధ్యకాలంలో తనను ఏం కావాలని అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు. గట్టుకు ఇవతలే నిలబడి చెప్పుకొచ్చింది. నక్క మధ్యలో అడ్డురాలేదు. ఏ చెవికి, కోత ఎంత పొడుగు, తల్లి ఎలా ఉండి ఉంటుందని నీకు అనిపిస్తుందమ్మా అని మాత్రం అడిగింది. తెల్లటి నుదురు ఉంటుందనుకుంటానని, చిన్నగా పిలుస్తుందనుకుంటానని బొల్లి చెప్పింది. ఈ దారిన పోయే మందలన్నీ తనకు ఎరుకేనని, వెతికి పెడతానని నక్క మాటిచ్చింది. బదులుగా ఏమీ అడగలేదు.

కొద్దిరోజులకే నక్క చెప్పిన చోట, గట్టు కింద, ఒక బక్కగొర్రె నిలబడి ఉంది. ముసలిది, ఎముకలు లెక్కపెట్టొచ్చు. నుదురు తెలుపు. కుడిచెవికి అడ్డకోత. బొల్లిని చూడగానే చిన్నగా పిలిచి, నిన్ను మందల తొక్కిసలాటలో పోగొట్టుకున్నాను తల్లీ అని ఏడ్చింది. బొల్లి ముట్టె ఆనించి వాసన చూసింది. ఆ చెవి కోత అంచున పొక్కు ఇంకా రాలలేదు. బొల్లి దాన్ని చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

ముసలిదాన్ని వెంటబెట్టుకుని మందలోకి తెచ్చి మా అమ్మ అని చెప్పింది. కాటుక పక్కకు జరిగి చోటిచ్చింది. పెద్దయ్య వచ్చి బక్కగొర్రెను కిందికీ మీదికీ చూశాడు, ఏదో అనబోయాడు, అనకుండానే వెనక్కి తిరిగాడు.

గొర్రెలు మేతకు వెళ్తే పిల్లలు ముళ్లకంపల దొడ్డిలో ఉంటాయి. నడవలేని బక్కగొర్రె వాటికి కాపలాగా ఉండిపోయేది. అమ్మమ్మ దగ్గరుందిలే అని బొల్లి కూడా గుట్ట పైదాకా ధీమాగా వెళ్లి మేసేది. ఒకనాడు పొదుగు సలుపుతుంటే పొద్దుండగానే దిగివచ్చి పిల్లను పిలిచింది. మిగతా పిల్లలన్నీ ఓ మూలకు నక్కి ఉన్నాయి. వెనకవైపు కంప పక్కకు లాగి ఉంది. ఆ సందు దగ్గర బక్కగొర్రె కదలకుండా నిలబడి ఉంది. సందులో నుంచి కాలువ వైపుకు నేల మీద ఈడ్చిన గీత ఉంది.

"నక్క నన్ను సంత దారిలో పట్టుకుంది," అంది బక్కగొర్రె. "కంప తీస్తే ప్రాణంతో వదిలేస్తానంది. చెవి కొరికింది. నుదురు తెలుపున్నవాళ్ల కోసమే వెతుకుతున్నానంది. నువ్వు చెప్పిన మాటలే నాకు నేర్పింది."

బొల్లి పిల్లను ఇంకోసారి పిలిచింది. తర్వాత పిలవలేదు.

మంద చుట్టూ మూగింది. పెద్దయ్య ముందుకు వచ్చి, నెత్తురు కాని వాళ్లను ఇంట్లోకి తెస్తే ఇంతేనని బక్కగొర్రెను తిట్టబోయాడు. కోపంలో నోరు జారాడు.

"ఇది నీ తల్లి కాదని వచ్చిన రోజే నాకు తెలుసు."

"ఎలా తెలుసు?" అంది బొల్లి.

ఇక పెద్దయ్యకు తప్పించుకునే దారి లేకపోయింది. అందరి ముందూ చెప్పాల్సివచ్చింది. ఒక ఏడాది కాలువ వంతెన మీద రెండు మందలు కలిసిపోయాయి. విడదీసేటప్పుడు ఒక పాలపిల్ల ఇటు ఉండిపోయింది. కాపరి గుట్టుగా దాని చెవికి తన కోత పెట్టుకున్నాడు. తల్లి వెనకే వచ్చి అడిగింది. అలాంటి పిల్ల ఇక్కడ లేదని పెద్దయ్యే చెప్పాడు. ఆ మంద ఏటా ఈ దారినే పోయేది, ఆమె ఏటా వచ్చి అడిగేది, పెద్దయ్య ఏటా అదే చెప్పేవాడు. ఈ ఏడు ఆ మంద వచ్చింది. ఆమె రాలేదు. ముసలి గొర్రెలను సంతకు తోలేశారట.

"నన్ను ఏమని పిలిచేది?" అని అడిగింది బొల్లి.

"నేను వినలేదు. మాట పూర్తికాకముందే పంపించేసేవాణ్ణి."

కాటుక వచ్చి బొల్లి మెడ మీద గడ్డం ఆనించింది. బొల్లి కదలలేదు, తోసెయ్యనూ లేదు. బక్కగొర్రె ఎవరూ పొమ్మనకుండానే ఆ కంప సందులో నుంచి బయటికి వెళ్లిపోయింది. దాన్ని ఆపమని గానీ తరమమని గానీ బొల్లి అనలేదు.

మంద పరువు కోసం, నీ మనసు నొప్పించకూడదని దాచానే గానీ నీకు చెడు తలపెట్టలేదమ్మా అన్నాడు పెద్దయ్య, గొంతు తగ్గించి.

"నక్కకు నా గురించి ఏమీ తెలియదు పెద్దయ్యా, అయినా కూర్చుని విన్నది. మీకు అంతా తెలుసు," అంది బొల్లి.

మర్నాడు పెద్దయ్య ఎప్పటిలా మంద ముందు నిలబడి నడక మొదలుపెట్టాడు. కొంతదూరం పోయి తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. గొర్రెలన్నీ దొడ్డి గుమ్మం దగ్గరే నిలబడి, మా కోసం కూడా ఎవరైనా వచ్చి అడిగారా అని అతని మాట కోసం కాచుకుని ఉన్నాయి. అతను ఎవరూ రాలేదన్నాడు. ఆ మాట నిజమే. ఒక్కటీ నమ్మలేదు.

నీతి: ఒకరి పుట్టుక నిజాన్ని తొక్కిపెట్టినవాడు, దాన్ని వెతుక్కునేవారిని తన చేత్తోనే మోసగాడికి అప్పగిస్తాడు.