గీతకు అవతల నక్క

కొండ కింది అడవిలో మండువేసవి. ఉన్నది ఒకటే మడుగు. దాని పెద్ద ఎవరో తేల్చే ఓట్లు ఆ రోజు. పాత పెద్ద తోడేలు మళ్ళీ నిలబడింది, పోటీకి జింక దిగింది. తోడేలు పెత్తనంలో నీళ్ళ దగ్గర గాడిదల వంతు ఎప్పుడూ ఆఖరే. పోయిన వేసవిలో ముసలి గాడిద నీలవ్వ మనవరాలు వంతు రాకముందే దాహంతో చచ్చిపోయింది. ఆ కడుపుమంటతోనే నీలవ్వ మందనంతా వెంటబెట్టుకుని ఓటుకు వచ్చింది.

ఓటంటే మోదుగాకు మీద కాలి ముద్ర. బండ దగ్గర అధికారి ఎద్దు కూర్చుంది. చుట్టూ నూరడుగుల దూరంలో సున్నపు గీత. గీత లోపల ప్రచారం కూడదు, ఫోను కూడదు. తోడేలు తరఫు నక్క గీతకు సరిగ్గా ఒక్కడుగు అవతల నిలబడింది. అంత దూరం ఎద్దు చూపు ఆనదని దానికి తెలుసు.

"ఆగవ్వా! గిట్టలు చూపించు. అబ్బో, మట్టి! మట్టికాళ్ళతో ఓటు చెల్లదు, కొత్త రూలు. కడుక్కుని రా."

"దారి దుమ్ము నాయనా. మడుగు దాకా పోయి వంతు వచ్చేసరికి పొద్దుగూకదూ?"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నన్నేం చెయ్యమంటావు?"

నీలవ్వ కళ్ళ నీళ్ళతో వెనుదిరిగింది. దారిలో ఎదురైన కాకికి జరిగింది చెప్పింది.

"అలాంటి రూలేం లేదత్తా! పోయి చెప్పుకో."

"పోయినసారీ ఇంతేగా. చెప్పుకుంటే సాక్ష్యమేదంది ఎద్దు. గాడిదల మాట ఎవరు నమ్ముతారే?"

"అయితే ఈసారి చూపిద్దాం."

షికారుకొచ్చిన వాళ్ళు పారేసుకున్న ఫోనొకటి కాకి దగ్గరుంది. వెనక్కి పంపిన ప్రతి గాడిద చేతా పేరు, పొద్దెంత ఎక్కిందో చెప్పించి వీడియో తీసింది. తర్వాత నక్క వెనక పొదలో కూర్చుని అక్కడ జరిగేదంతా తీయసాగింది. మరో మూడు గాడిదలు వెనక్కి తిరిగాయి. అంతలో తోడేలు చుట్టం అడవిపంది చెవుల దాకా బురదతో వచ్చింది.

"రండి రండి!" అని దారిచ్చింది నక్క.

అప్పుడు కనబడింది దానికి ఫోను. "ఓసి దొంగమొహమా! ఇక్కడ ఫోను కూడదని తెలీదూ?"

"గీత లోపల కూడదు బావా. నువ్వూ నేనూ అవతలే ఉన్నాంగా?" అని కాకి గొంతు చించుకుని ఎద్దును కేకేసింది.

ఎద్దు గీత దాకా వచ్చి వీడియో మొత్తం చూసింది.

"అది పోయినేటిది పెద్దయ్యా," అంది నక్క.

"పంది ఇంకా వరుసలోనే ఉంది. బురద కూడా ఆరలేదు," అంది ఎద్దు. నక్కను అక్కణ్ణించి తరిమేసింది. పొద్దుగూకేలోపు వరుసలోకి వచ్చిన వాళ్ళందరికీ ఓటుందని చాటించింది. గాడిదలన్నీ దుమ్ము కాళ్ళతోనే ముద్రలు వేశాయి.

లెక్క తేలింది. తోడేలు ఒక్క ఓటుతో ఓడింది.

"అంతా నీవల్లే! పోనీ, నీ ఓటైనా వేశావా?" అని అరిచింది తోడేలు.

నక్క నేల చూపులు చూసింది. "పొద్దుటి నుంచీ వాళ్ళను ఆపే పనిలోనే ఉన్నాను కదా బావా..."

నీతి: అన్యాయాన్ని కళ్ళారా చూస్తే చాలదు, పదిమందికీ చూపించగలగాలి.