అవతలి గట్టు ఉడుతలు

ఏటా ఆకులు ఎర్రబడి రాలిపోయే ఒక చలిసీమ అడవిలో, అనగనగా తురాయి అనే ఉడుత ఉండేది. అక్కడి అక్రోటు చెట్లన్నీ భల్లయ్య అనే ఎలుగుబంటివి. ఉడుతలు కాయలు కోసి అతని గుహకు మోయాలి. సాయంత్రం కూలి పుచ్చుకోవాలి. ఒక్కరోజు రాకపోతే ఆ చోటు మరొకరిది. ఇదీ అక్కడి కట్టడి.

మొదట కూలి మూడు కాయలు. తరువాత రెండయింది. గుహ మాత్రం నిండిపోయి, భల్లయ్య మరో గుహ తవ్వించుకున్నాడు. ఒక సాయంత్రం తురాయి చేతిలో ఒక్క కాయే పడింది.

"అయ్యా, మంచు కురిసేలోగా పిల్లలకోసం తొర్ర నింపుకోవాలి. ఒక్క కాయతో ఎలాగండీ?"

"నేనేం చేయనమ్మా? వాగుకు అవతలి గట్టు ఉడుతలు అరకాయకే వస్తామంటున్నాయి. పాతదానివని నిన్ను ఉంచుకున్నాను," అన్నాడు భల్లయ్య జాలిగా.

తురాయికి కోపం రాలేదు. వింతగా తోచింది. అరకాయతో బతికే ఆ ఉడుతలు ఎలా ఉంటాయి? వాటికి పిల్లలు లేరా? చలి వేయదా?

పక్క కొమ్మ మీది ముసలి ఉడుతను అడిగింది. "మామా, వాళ్ళను నువ్వెప్పుడైనా చూశావా?"

"చూడటం కూడానా? తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. నోరు మూసుకుని మొయ్యి."

పనికి వెళితే ఒక్క కాయ. వెళ్ళకపోతే అదీ లేదు. అయినా ఆ ప్రశ్న తురాయిని నిలవనీయలేదు. తెల్లవారగానే, వాగుకు అడ్డంగా పడివున్న మాను మీదుగా అవతలికి దాటింది.

అక్కడ నల్లంచు అనే బక్కచిక్కిన ఉడుత కాయ మోస్తూ ఎదురైంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆ గట్టుదాన్ని."

నల్లంచు కాయ కింద పెట్టింది. "మా కూలి తగ్గించింది నువ్వేనా తల్లీ? కొమ్ములూ కోరలూ ఉంటాయనుకున్నాను."

"నేను తగ్గించానా?"

"మీరు అరకాయకే చేస్తారట కదా. భల్లయ్యగారే చెప్పారు. అందుకే మాకు ఒక్క కాయ."

రెండూ ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకున్నాయి. ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కళ్ళు చెమర్చాయి.

తురాయి తిరిగొచ్చేసరికి దాని చోటు పోయింది. కానీ అది చూసివచ్చిన సంగతి ఇక్కడా, నల్లంచు నోట అవతలి గట్టునా కొమ్మకొమ్మకూ పాకింది. మర్నాడు ఏ గట్టునా ఒక్క ఉడుతా చెట్టెక్కలేదు. మంచుమబ్బులు కమ్ముకొచ్చాయి. కొత్త గుహ ఇంకా నిండలేదు. భల్లయ్య తానే ఎక్కబోయాడు. చివరి కొమ్మలు అతని బరువు ఆపలేదు. ఒళ్ళు దులుపుకుని ఉడుతల దగ్గరకు వచ్చాడు.

"సరే, మూడు కాయలూ ఇస్తాను. రెండు గట్లకూ ఒకటే కూలి. తురాయి తప్ప అందరూ ఎక్కండి."

ఇవతలి ఉడుతలు తురాయి వైపు చూశాయి. ఈలోగా వాగు దాటి వచ్చిన నల్లంచు, చెట్టు మొదట్లో కదలకుండా కూర్చుంది.

"ముందు తురాయి ఎక్కాలండీ. ఆ వెనకే మేము," అంది.

భల్లయ్య మబ్బు వైపు చూశాడు. నల్లంచు వైపు చూశాడు. చెట్టుకు అడ్డం తప్పుకున్నాడు.

నీతి: ఎవరిని చూపి మనల్ని భయపెడుతున్నారో, వారిని ఒకసారి వెళ్ళి పలకరించాలి. వారూ మనల్ని తలుచుకుని భయపడుతూ ఉండవచ్చు.