దసరా ఊరేగింపులో నాలుగో పులి

అనగనగా, బంగారుకొండా, కొండల కింద ఇప్పలకోట అని ఒక ఊరు.

ఆ ఊళ్ళో దసరా ఊరేగింపు అంటే పిల్లలకే కాదు, ముసలాళ్ళకీ కాలు నిలిచేది కాదు. కోట దగ్గర బయలుదేరి, చెరకు తోటల మధ్య నుంచి, కొండ అడుగునున్న జమ్మిచెట్టు దాకా వెళ్ళేది. మొదట్లో అమ్మవారి పల్లకీ ఒక్కటే ఉండేదట. ఆ తర్వాత తప్పెటలు వచ్చి చేరాయి. ఆ తర్వాత పులివేషాలు వచ్చాయి.

ఆ పులుల్ని తయారుచేసేది పోలమ్మ. మొగుడు లక్కన్న, మరిది దాలినాయుడు, తమ్ముడు గురువులు, ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, ఒంటినిండా పసుపు రంగు పూసి, దీపం మసితో చారలు గీసేది. "కదిలితే చార వంకరైపోద్ది, ఊరుకోండి" అని కసిరేది.

ఒక ఏడు ఏమైందంటే, ఆ ఊరి జమీందారుకి కొత్త బుద్ధి పుట్టింది. "రంగు పులుల్ని చూసి చూసి మొహం మొత్తింది. ఈసారి మన ఊరేగింపులో అసలు పులి ఉండాలి" అన్నాడు.

అప్పుడు వేటగాళ్ళు కొండెక్కారు. తల్లి పులి నీళ్ళకి వెళ్ళిన వేళ చూసి, గుహలోంచి పులిపిల్లని గోనెసంచిలో వేసుకొచ్చేశారు. ఇంకా పాలు మరవని పిల్ల! దాన్ని కర్రబోనులో పెట్టి, బోనుని బండి మీదికి ఎక్కించారు. పులివాసనకి ఎద్దులు అడుగు వెయ్యలేదు. అందుకని మనుషులే ఆ బండి లాగారు.

పోలమ్మ ఆ బోను చూసింది. "పాలుతాగే పిల్లండి దొరా, వాళ్ళమ్మ దగ్గర వదిలేయించండి" అంది. దొర నవ్వాడు. దొర నవ్వాడని అందరూ నవ్వారు.

సరే, ఊరేగింపు కదిలింది. ముందు పల్లకీ, వెనక తప్పెటలు, ఆ వెనక బోను బండి, దాని వెనకే మన పులులు. పులిపిల్లేమో ఒకటే ఏడుపు. చెరకు తోటల మలుపు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. కాగడాలు వెలిగించారు. అక్కడ పులివేషగాళ్ళు నాలుగు కాళ్ళ మీద పాకుతూ ఆడాలి, అది ఆనవాయితీ. దుమ్ము లేచింది. ఈలలు, చప్పట్లు, కేకలు.

పోలమ్మ పక్కనే నడుస్తోంది. ఎందుకో అటు తిరిగి చూసింది. ఒకటి, రెండు, మూడు... నాలుగు!

"నేను రంగేసింది ముగ్గురికే కదా!" అనుకుంది. పక్క ఊరివాడెవడో తోలు కప్పుకుని దూరాడేమో అనుకుంది. జనం కూడా, "ఆ చివరోణ్ణి చూడండర్రా, ఎంత బాగా నడుస్తున్నాడో!" అని మెచ్చుకుంటున్నారు.

అప్పుడు ఆ నాలుగో పులి తోక లేచింది. గడ్డితో చుట్టిన తోక కాదు తల్లీ. దానంతటది లేచి, అటొకసారి ఇటొకసారి ఆడింది.

పోలమ్మ గుండె ఆగినంత పనైంది.

ఇంతలో ఇంకో ఘోరం. లక్కన్న, పక్కనున్నది తమ్ముడనుకుని, "జరగరా దాలీ, మీద పడతావేటి?" అంటూ భుజంతో ఒక్క తోపు తోశాడు. పులిని! నిజం పులిని! ఓలమ్మో, చెబుతుంటేనే నా చేతుల మీద రోమాలు లేచాయి, చూడు.

పులి లక్కన్న వంక చూడనైనా లేదు. జనాన్నీ చూడలేదు, కాగడాల్నీ చూడలేదు. దాని కళ్ళు బోను మీదే ఉన్నాయి. అప్పుడు తెలిసింది పోలమ్మకి. వచ్చింది తల్లి.

గట్టిగా అరిస్తే జనం తొక్కుకు చస్తారు. పులి బెదిరి ఎవరి మీద పడుతుందో ఏమో! పోలమ్మ గబగబా తప్పెటల వాళ్ళ దగ్గరికెళ్ళి, "ఆపండి బాబూ" అంది. ఆ మోతలో వాళ్ళకి వినపడలేదు. ఆ తర్వాత బండి లాగేవాళ్ళతో, "వెనక అసలు పులుంది" అంది. "ఎందుకుండదు, నీ మొగుడే కదా!" అని వాళ్ళు పకపక నవ్వారు.

ఇక ఎవరితోనూ చెప్పలేదు. తనే బండెక్కింది. బోను తలుపుకున్న చీల పట్టుకుని లాగింది, రాలేదు. రెండు చేతులతో లాగింది, రాలేదు. వంగి పళ్ళతో పట్టి పీకింది. ఊడొచ్చింది.

పిల్ల కిందికి దూకింది. పులి ఒక్క అంగలో వచ్చి, దాన్ని మెడ దగ్గర నోట కరుచుకుంది.

అప్పుడు చూశారు జనం. తప్పెటలు టక్కున ఆగిపోయాయి. జనం ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. పులివేషంలో ఉన్న లక్కన్న పులిని చూసి మూర్ఛపోయాడు! పులేమో ఎవరినీ ఏమీ అనకుండా, జనం మధ్యలోంచే నడిచి, చెరకు తోటలోకి వెళ్ళిపోయింది.

ఊపిరి తిరిగాక దొర మండిపడ్డాడు. "బోను తీసిందెవరు?" అని కొరడా అందుకున్నాడు.

"నేనే, దొరా" అంది పోలమ్మ.

కొరడా లేచింది. అప్పుడు జనంలోంచి ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది. దొరగారి మనవరాలు సుభద్ర. ఐదేళ్ళది. పల్లకీ దగ్గర ఉండాల్సిన పిల్ల, ఎప్పుడు తప్పించుకుందో ఎవరూ చూడలేదు.

"తాతయ్యా, ఆ పులి మంచిది. అటుపక్క నుంచి నేను దాని వీపు మీద చెయ్యేసి నడిచాను. లక్కన్నని ముట్టుకుంటే రంగంటింది. దాన్ని ముట్టుకుంటే అంటలేదు" అని రెండు చేతులూ చాపింది.

ఒక చేతికి పసుపు రంగు. రెండో చెయ్యి శుభ్రంగా ఉంది.

దొర ఆ చేతిని చూశాడు. కొరడా జారిపోయింది. మనవరాల్ని గుండెకి హత్తుకుని, ఆ దుమ్ములోనే కూలబడిపోయాడు. ఆ తర్వాత పోలమ్మ వంక చూసి, "నువ్వు ఆ తలుపు తియ్యకపోయుంటే..." అన్నాడు.

ఆ ఏటి నుంచి ఇప్పలకోట ఊరేగింపులో బోను లేదు. ఇప్పటికీ చెరకు తోటల మలుపు రాగానే తప్పెటలు ఆగిపోతాయి. ప్రతి తల్లీ తన బిడ్డని చంకనెత్తుకుంటుంది. మలుపు దాటాకే కిందికి దించుతుంది. మీసాలొచ్చిన కొడుకుల్ని ఎత్తలేరు కదా, వాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. వాళ్ళూ విడిపించుకోరు.

పులమ్మా పిల్లా కొండెక్కె,
కథమ్మ కంచికి బండెక్కె,
మా ఇంటి చిన్నారి మంచమెక్కె,
కళ్ళమీదికి చల్లగా నిద్దరెక్కె.