పున్నాగ టాకీసులో లేవని రాజు

జంతువులే కాపురాలుండే పట్నంలో, సున్నంబట్టీల పేట నడిమధ్య, పున్నాగ టాకీసు మూతపడి చాలాకాలమైంది. పోస్టర్లు అంటించే గోడ బీటలు తీసింది. టికెట్ల కిటికీలో పావురాలు గూళ్ళు కట్టాయి. అయినా పేటలో ఎవరికి దారి చెప్పాలన్నా ఇప్పటికీ "టాకీసు దాటి ఎడమకి తిరుగు" అనే అంటారు.

ఆ టాకీసు మీద ఇద్దరి కన్నుపడింది.

ఒకడు గాడిద గురవయ్య. రేవుకి బట్టల మూటలు మోసి మోసి వీపు అరిగింది గానీ అతని మొండితనం మాత్రం అరగలేదు. ముసలితనంలో నాటకాల పిచ్చి పట్టుకుంది. ఎద్దు కోటయ్యనీ, మేక సీతాలునీ కూడగట్టుకుని "లేవని రాజు" అని ఓ నాటకం తయారుచేస్తున్నాడు. రిహార్సల్సు ఫ్లైఓవరు కింద. పైన లారీ పోతే కింద మాట వినపడేది కాదు. ఇప్పుడు వానలు కూడా మొదలయ్యాయి. హార్మోనియం తడిసి, జలుబు చేసినట్టు పలుకుతోంది.

"నీడ దొరక్కపోతే నేనింక ఇటుకబట్టీ పనికి పోతాను గురవయ్యా," అన్నాడు కోటయ్య నెమ్మదిగా.

"నేను మా అక్కగారి ఊరికి," అంది సీతాలు.

"పోండి! ఒక్కణ్ణే ఆడతా!" అని అరిచాడు గురవయ్య. అరిచాక గానీ తట్టలేదు. వీళ్ళిద్దరూ పోతే ఇక నాటకమెక్కడిది?

ఇది కాక ఇంకో చిక్కు. నాటకంలో రాజు నడివీధిలో సింహాసనం వేయించుకుని కూర్చుంటాడు, ఎవరు బతిమాలినా లేవడు. ఆ వేషం కోటయ్యకిచ్చారు. సీతాలు ముసలమ్మలా వంగి వచ్చి "కాళ్ళు పీకుతున్నాయి నాయనా" అనడం ఆలస్యం, "అయ్యో, కూర్చో తల్లీ" అని లేచిపోయేవాడు.

"లేవకూడదయ్యా! నాటకం పేరేమిటి?"

"ఆడకూతురు నిలబడి ఉంటే నేనెట్లా కూర్చుంటాను గురవయ్యా, పాపం?"

టాకీసు మీద కన్నేసిన రెండోవాడు నక్క పానకాలు. ఖాళీ కట్టడం కనబడితే చాలు, దాన్ని గోడౌను చేసేస్తాడు. పేటలో పాత బడి అతని చేతిలో పడి ఉల్లిపాయల గోడౌనైంది. పాత గ్రంథాలయం టైర్ల గోడౌనైంది. ఆ వీధిలో నడిచే పిల్లలకి పుస్తకాల వాసన ఎట్లా ఉంటుందో తెలియదు, రబ్బరు వాసన తెలుసు.

ఇద్దరూ ఒకేరోజు టాకీసు యజమాని ఏనుగు భద్రమ్మ దగ్గరికి చేరారు.

"నాటకానికివ్వండమ్మగారూ," అన్నాడు గురవయ్య.

"నాటకమా? ఎవరు చూస్తారమ్మగారూ?" అన్నాడు పానకాలు. "నాకివ్వండి. కొబ్బరికాయలు నింపుతాను. కొబ్బరికాయ పాడదు, ఆడదు, గొడవ చేయదు."

"నువ్వు నోరు మూసుకోరా!"

"నువ్వు మూసుకో మామా, నీ పాటకి గోడలు కూలతాయి!"

భద్రమ్మ చెవులు టపటపలాడించింది. "ఆపండి! ఇది సినిమాహాలు. ఇక్కడ మొదట్నుంచీ ఒకటే చట్టం. రేపు పొద్దున్నే తలుపులు తీస్తాను. తువ్వాలు ఎవరు ముందేస్తే చోటు వాళ్ళది. పొండి."

ఆ సాయంత్రం పానకాలు రేవు దగ్గర గురవయ్యని పిలిచాడు. "మామా, మన గొడవ మనదే, నీ పని నీదే. ఈ మూట కాస్త మా ఇంటికి చేర్చవా?"

"ఇంత బరువేమిట్రా?"

"చుట్టాలొస్తున్నారు మామా. దుప్పట్లు."

పనంటే కాదనే అలవాటు గురవయ్యకి లేదు. మోసుకెళ్ళి ఇంట్లో దించి వచ్చాడు.

తెల్లారింది. నాటకం సామానంతా మోస్తూ నెమ్మదిగా నడిచే కోటయ్యని సీతాలుతో కలిసి వెనక నుంచి నెట్టుకుంటూ గురవయ్య టాకీసు చేరేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ప్రతి కుర్చీ మీదా ఓ తువ్వాలు. బాల్కనీలో తువ్వాళ్ళు. నేల బెంచీల మీద తువ్వాళ్ళు. స్టేజీ నడుమ కూడా ఒకటి.

"రా మామా, రా," అన్నాడు పానకాలు మీసం దువ్వుకుంటూ. "మా చుట్టాలందరూ వచ్చేశారు. నీ వీపు మీదే వచ్చారు!"

దూలం మీద కాకి కాంతం పకపకా నవ్వింది. సీతాలు తల దించుకుంది. కోటయ్య "సరే, ఇటుకబట్టీ ఎటువైపు?" అన్నాడు.

గురవయ్య కదల్లేదు. నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడి హాలంతా చూశాడు. గుమ్మం పక్కన తుప్పుపట్టిన గంట వేలాడుతోంది.

"అమ్మగారూ," అన్నాడు, "తువ్వాలు ఎప్పటిదాకా పనిచేస్తుంది?"

భద్రమ్మ కళ్ళు మెరిశాయి. "ఆట మొదలయ్యే ముందు కొట్టే మూడో గంటదాకా. గంట పడేసరికి వేసినవాళ్ళు వచ్చి కూర్చోకపోతే తువ్వాలు ఉత్త గుడ్డే. నా హాల్లో ఎంతమంది శనక్కాయలకని బయటికెళ్ళి చోటు పోగొట్టుకోలేదు!"

"ఆట లేనప్పుడు గంటేమిటి?" అన్నాడు పానకాలు.

"ఆట ఉంది," అన్నాడు గురవయ్య.

"ఉందా?" అన్నారు కోటయ్యా, సీతాలూ ఒక్కసారే.

"చూడు గురవయ్యా," అంది భద్రమ్మ. "గంట కొట్టాక ఆట చివరిదాకా నడవాలి. నడిస్తే హాలు నీది. నడుమ ఆగిందో, కొబ్బరికాయలే."

"కొట్టండి."

మొదటి గంట మోగింది. కోటయ్యా, సీతాలూ సింహాసనం, హార్మోనియం, డోలు తెచ్చి స్టేజీ మీద దించారు. కాంతం కప్పుల మీదుగా ఎగురుతూ అరిచింది. "మ్యాట్నీ! పున్నాగలో మ్యాట్నీ! పొద్దున్నే మ్యాట్నీ! టికెట్టు లేదు!"

పేటంతా వచ్చిపడింది. బర్రెలు, కుక్కలు, కోళ్ళు, పిల్లాజెల్లాతో పందులు. అందరూ మర్యాదగా తువ్వాలున్న కుర్చీల పక్కన నిలబడ్డారు.

రెండో గంటకి పానకాలు పరుగు మొదలుపెట్టాడు. "ఇది నాది! అదీ నాదే! ఏయ్ బర్రెమ్మా, ఆ తోక తీయ్!" బాల్కనీలో కూర్చుంటే కింద పోతోంది. కింద కూర్చుంటే బాల్కనీ పోతోంది. రొప్పుతూ నడిమధ్య ఆగాడు. అప్పుడతని బుర్ర పనిచేసింది. కుర్చీలు పోతే పోనీ, స్టేజీ చేతిలో ఉంటే ఆట ఎక్కడాడతారు?

ఒక్క దూకులో స్టేజీ ఎక్కి, తన తువ్వాలుని నాటకం వాళ్ళ సింహాసనం మీద వేసి, కాలుమీద కాలేసుకు కూర్చున్నాడు. మూడో గంట పడింది. హాలంతా తువ్వాళ్ళ మీద దబ్బున కూలబడింది.

"కుర్చీలన్నీ జనానివి," అంది భద్రమ్మ. "స్టేజీ పానకాలుది. ఆటేదీ గురవయ్యా?"

గురవయ్య స్టేజీ దగ్గరికి నడిచాడు. నక్క వైపు చూశాడు. సింహాసనం, కాలుమీద కాలు, మీసం మీద చెయ్యి. చూస్తూ చూస్తూ ఉండగా ముసలి మొహంలో నవ్వు పుట్టింది.

"కోటయ్యా, డోలు కొట్టు. మనకి రాజు దొరికాడు."

డోలు మోగింది. గురవయ్య మంత్రిలా వంగి దణ్ణం పెట్టాడు. "మహారాజా! నడివీధిలో కూర్చున్నారు. జనం నడవడానికి దారి లేదు. లేవండి ప్రభూ!"

"ఎవడ్రా ప్రభువు? ఇది నా చోటు! లేవను!"

హాలు గొల్లున నవ్వింది. సీతాలు వంగి నడుస్తూ వచ్చింది. "కాళ్ళు పీకుతున్నాయి నాయనా, కాస్త జరగవా?"

"పీకితే నాకేం? తువ్వాలు నాది!"

ఈలలు. చప్పట్లు.

"ఇది నాటకం కాదర్రా! నిజంగానే చెబుతున్నాను!" అని గింజుకున్నాడు పానకాలు.

"ఏం చేస్తున్నాడే! అచ్చం నిజంలాగే ఉంది!" అంది బర్రెమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

పానకాలు గురవయ్య చెవి దగ్గరికి వంగాడు. "మామా, నేను లేస్తే?"

"స్టేజీ పోతుంది."

"కూర్చుంటే?"

"ఆట నడుస్తుంది."

పానకాలు నోరు గట్టిగా మూసేశాడు. "అబ్బ, ఎంత పొగరో చూడు, మంత్రికి జవాబైనా చెప్పడు!" అని వెనక బెంచీ మెచ్చుకుంది.

ఇక నాటకంలో ఆఖరి ఘట్టం. రాజుతో విసిగిపోయిన జనం ఆయన్ని అక్కడే వదిలేసి, ఆయన వీపు వెనక కొత్త వీధి వేసుకుంటారు. గురవయ్య హార్మోనియం సింహాసనం వెనక్కి జరిగింది. డోలూ అక్కడికే పోయింది. సీతాలు పాట ఎత్తుకుంది. ముందు వరసలో పిల్లలు ఆగలేక స్టేజీ ఎక్కి చిందులేశారు. చూసేవాళ్ళ కళ్ళన్నీ నక్కని దాటి వెనక్కి పోయాయి. పానకాలుని చూసేవాడు ఒక్కడూ లేడు.

వెనక ఎవరో ఏదో అన్నారు. హాలు పడీపడీ నవ్వింది. పానకాలు మెడ తిప్పాడు, కనబడలేదు. నడుం తిప్పాడు, కనబడలేదు. ఏమైతే అదైందని లేచి తొంగిచూశాడు.

"రాజు లేచాడు!" అని ఓండ్రపెట్టాడు గురవయ్య, సింహాసనం మీద తువ్వాలు పళ్ళతో లాగేస్తూ.

భద్రమ్మ తొండమెత్తి ఘీంకరించింది. "ఆట పూర్తయింది! స్టేజీ కూడా ఖాళీ అయింది!"

మర్నాడు పానకాలు వచ్చేసరికి పేట ఆడవాళ్ళు స్టేజీ మీద కూర్చుని కుట్టుపని చేస్తున్నారు.

"నా తువ్వాళ్ళు, మామా?"

"హాలుకి తెర లేదు కదరా. అదిగో, కుడుతున్నారు."

పానకాలు గోడ గీకుతూ అడిగాడు. "రేపటి ఆటకి రాజెవరు?"

"కోటయ్య."

"వాడా? ముసలమ్మ కనబడితే లేచి నిలబడతాడు! కూర్చోవడం వాడివల్ల ఏమవుతుంది మామా!"

"అయితే నువ్వే కూర్చో. ఆఖర్లో లేవడం మాత్రం మరిచిపోకు."

ఖాళీ చోటు మీద ముందుగా గుడ్డ పరిచినవాడికి కాదు, అందులోకి నలుగురినీ పిలిచి కూర్చోబెట్టినవాడికే ఆ చోటు నిలుస్తుంది.