స్వామివారి దాహం

అచ్యుతచైతన్యకు ఆ పూట కంప్యూటర్ల మీద వైరాగ్యం కలిగింది. తక్కినవాటి మీద ఇంకా కలగలేదు.

ఆశ్రమం నడిపే ఉచిత కంటి ఆసుపత్రిలో తెల్లవారితే శిబిరం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముసలీముతకా బస్సులెక్కి వస్తారు. వాళ్ళ పేర్లు నమోదు చేసే కొత్త ప్రోగ్రాం, ఆసుపత్రి కంప్యూటర్లన్నీ అప్‌డేట్ అయితే గానీ తెరుచుకోదు. ఆ అప్‌డేటేమో నత్తనడక నడుస్తోంది. అది పూర్తికాకపోతే వచ్చినవాళ్ళను వెనక్కి పంపాలి.

ఆ కంప్యూటర్లన్నిటినీ ఆశ్రమం ఆఫీసులో కూర్చుని నడిపించే బాధ్యత అచ్యుతుడిది. సన్యాసుల్లో కలవకముందు పెద్ద కంపెనీలో అదే పని చేశాడు. ఆ సంగతి అతను మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు. పొద్దుటినుంచి నెట్‌ను తిట్టాడు, పాత కంప్యూటర్లను తిట్టాడు. మీరేదో నొక్కి ఉంటారని ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే నాగరత్నమ్మగారిని కూడా నాలుగు మాటలన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆవిడ మెల్లగానే అంది, కానీ వినబడేట్టే అంది.

మధ్యాహ్నం గురువుగారు పూర్ణబోధస్వామి దగ్గర మొరపెట్టుకున్నాడు. స్వామి బావి పక్కన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

“ఆలస్యమవుతుంటే నువ్వేం చేస్తున్నావు?”

“ఊరుకుంటానా స్వామీ? కాస్త నెమ్మదించగానే మళ్ళీ మొదలుపెట్టమని ఇక్కణ్ణుంచే ఆర్డరు పంపుతున్నాను.”

“పంపితే?”

“చేస్తున్నది వదిలేసి మొదటినుంచి అందుకుంటాయి. ఎన్నిసార్లు పంపినా అంతే.”

ఇక ‘నిదానమే ప్రధానం’ అంటారనుకుని అచ్యుతుడు వినయంగా ముఖం సిద్ధం చేసుకున్నాడు. స్వామి ఆ మాట అనలేదు. దాహంగా ఉంది, బావిలోంచి కాసిని నీళ్ళు తోడి తెమ్మన్నారు.

ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. గురువు పిలిస్తే చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలి రావాలి.

బొక్కెన సగం పైకి వచ్చిందో లేదో, “అచ్యుతా” అని పిలుపు. తాడు వదిలాడు. బొక్కెన దభీమని నీళ్ళలో పడింది. పరుగున వచ్చి నిలబడ్డాడు.

“ఎంతవరకు వచ్చింది?”

“సగం దాకా స్వామీ.”

“మంచిది, కానివ్వు.”

మళ్ళీ తోడాడు. మళ్ళీ పిలిచి, ఎందుకింత ఆలస్యమని అడిగారు. ఆ తర్వాత తాడు పాతబడిందేమోనన్నారు. ఇంకోసారి పిలిచి గిలకలో లోపమేమోనని విచారించారు. అచ్యుతుడి అరచేతులు ఎర్రబడ్డాయి. వంటశాలలో వాళ్ళు గరిటెలు పట్టుకునే చూడ్డానికి బయటికి వచ్చారు. అతనికి నిజంగానే కోపం వచ్చింది.

ఈసారి పిలుపు వినబడ్డా తాడు వదల్లేదు. ఉన్నచోటి నుంచే అన్నాడు.

“తాడు బాగుంది, గిలకా బాగుంది స్వామీ. మీరు పిలవకుండా ఉంటే ఈపాటికి...”

అక్కడ ఆగిపోయాడు. తాడు చేతిలోనే ఉంది.

స్వామి తలవంచుకుని చిక్కుడుకాయల పనిలో పడ్డారు. మళ్ళీ పిలవలేదు. బొక్కెన పైకి వచ్చింది.

నీళ్ళిచ్చి ఆఫీసుకు వెళ్ళి అచ్యుతుడు చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. నాగరత్నమ్మగారు ఫోన్ చేసి, ఇంకా అక్కడే ఉంది, మళ్ళీ మొదలుపెడతారా అని అడిగింది. వద్దమ్మా, దాని మానాన దాన్ని పోనివ్వండి, పొద్దున నేనన్న మాటలు మనసులో పెట్టుకోకండి అన్నాడు. వేళ్ళు మాత్రం కీబోర్డు వైపు లాగుతూనే ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్క కంప్యూటరే పని పూర్తయిందని చెప్పసాగింది.

మర్నాడు శిబిరం నుంచి ఒక్కరినీ వెనక్కి పంపలేదు. అచ్యుతుడు పట్టరాని సంతోషంతో వెళ్ళి స్వామి పాదాలకు మొక్కి, అంతా మీ అనుగ్రహమన్నాడు.

“నాదేముంది నాయనా,” అన్నారు స్వామి. “ఆ చివర్న మళ్ళీ పిలవకుండా కూర్చున్నాను, అంతే. అదే కష్టమైంది.”